అలారం మోగిన మంగళవారం గురించి: ప్రధానోపాధ్యాయురాలి ఉత్తరం

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈ నెల ఉత్తరం వార్షికోత్సవం గురించి రాద్దామని మొదలుపెట్టాను. ఈలోగా మంగళవారం ఐదో తరగతి గది బయట తీసిన 40 సెకన్ల వీడియో ఒకటి మీ ఫోన్లన్నీ తిరిగొచ్చింది. నాకే ముగ్గురు పంపారు, "మేడమ్, ఇది మన స్కూలేనా?" అని అడుగుతూ. మన స్కూలేనండీ. ఆ 40 సెకన్లకు ముందూ వెనకా ఏం జరిగిందో కూడా మీకు తెలియాలి కాబట్టి వార్షికోత్సవాన్ని పక్కన పెట్టి ఇది రాస్తున్నాను. ఇద్దరు పిల్లల ఇళ్ళలోనూ అడిగి, వాళ్ళు సరేనన్నాకే రాస్తున్నాను. పేర్లు రాయను. మీకు తెలిసినా దయచేసి గ్రూపులో రాయకండి.

లెక్కల పరీక్ష జరుగుతోంది. క్లాస్ టీచర్ సెలవులో ఉండటంతో వేరే టీచర్ వచ్చి కూర్చున్నారు. ఆ క్లాసులో ఒక అమ్మాయికి టైప్ 1 షుగర్, అంటే షుగర్‌ని అదుపులో ఉంచే ఇన్సులిన్ ఒంట్లో తయారుకాదు, బయటి నుంచి తీసుకోవాలి. ఆమె చేతికి చిన్న సెన్సర్ అంటించి ఉంటుంది. అది ఐదు నిమిషాలకోసారి షుగర్ చూసి బ్యాగులో ఉన్న ఫోన్‌కు పంపిస్తుంది. బాగా పడిపోతే ఫోన్ మోగుతుంది, సైలెంట్‌లో ఉన్నా సరే. అలా మోగాలనే దాన్ని అట్లా తయారుచేశారు. ఆ రోజు మోగింది. సంగతి తెలియని టీచర్, పరీక్షలో ఫోనేమిటని బ్యాగు తీసుకెళ్ళి తన బల్ల మీద పెట్టుకున్నారు. మోత ఆగలేదు. రెండో వరుసలో ఆటిజం ఉన్న అబ్బాయి కూర్చుంటాడు. మనకు చిరాకు పుట్టించే శబ్దం అతనికి నొప్పి పుట్టిస్తుంది. ముందు చెవులు మూసుకున్నాడు. తర్వాత బల్ల కిందికి దూరాడు. అప్పటికీ ఆగకపోయేసరికి అరుస్తూ బయటికి పరుగెత్తాడు. దారిలో ఒక కుర్చీ, రెండు వాటర్ బాటిళ్ళు పడ్డాయి. వీడియో ఇక్కడ మొదలవుతుంది.

వీడియో తీసినవారు తలుపు లోపలికి తొంగి చూసి ఉంటే ఆ అమ్మాయి కనిపించేది. నుదుటి నిండా చెమట. చేతులు వణుకుతున్నాయి. పేరు పెట్టి పిలిస్తే ఇంకేదో జవాబు చెబుతోంది. పక్కన కూర్చున్న పిల్ల లేచి, "టీచర్, దానికి షుగర్ డౌన్ అయింది, బ్యాగులో పచ్చ డబ్బా ఉంది" అంది. వేలు గుచ్చి చూస్తే 58. షుగర్ 70 కంటే దిగిందంటే ఇక ఆలస్యం చేయకూడదు, త్వరగా ఒంటికి పట్టే తీపి నోట్లో పడాలి. గ్లూకోజ్ బిళ్ళలు ఇచ్చి పదిహేను నిమిషాలాగి చూస్తే 66. మళ్ళీ ఇచ్చాం. తర్వాత 94. అప్పుడు తను అడిగిన మొదటి ప్రశ్న, "నా పేపర్ తీసేసుకున్నారా?" తీసుకోలేదు. మర్నాడు ఇద్దరూ మళ్ళీ రాశారు.

అబ్బాయి లైబ్రరీ వెనక మూలలో అలమరాకు వీపు ఆనించి ముప్పావుగంట కూర్చున్నాడు. మా లైబ్రేరియన్ గారు పక్కనే కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు. అప్పుడు చేయాల్సింది అదే, ఆయనకు ఎవరూ నేర్పకుండానే తెలుసు.

ఇందులో పొరపాటు నాది. ఇలాంటి పిల్లల గురించి ప్రతి క్లాసుకూ ఒక కాగితం రాసిపెట్టాం. బదులు వచ్చే టీచర్ చేతికి అది అందిందో లేదో చూడాల్సింది నేను. చూడలేదు. ఇప్పుడా కాగితాన్ని అటెండెన్స్ రిజిస్టర్ అట్ట లోపలే అంటించాం, రిజిస్టర్ తెరిస్తే చూడక తప్పదు. ఆ టీచర్‌ని ఎవరూ ఏమీ అనవద్దని మనవి. ఆమె రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.

ఇక గ్రూపు సంగతి. సాయంత్రానికల్లా అందులో రెండు జట్లయ్యాయి. పరీక్షలో ఫోన్లు ఎలా రానిస్తారని ఒక జట్టు. అలాంటి పిల్లల్ని వేరే స్కూల్లో పెట్టాలి కదా అని ఇంకో జట్టు. మొదటివారికి జవాబు తేలిక. ఆ బ్యాగులో ఉన్నది కళ్ళజోడులాంటి వస్తువు, కళ్ళజోడు తీసి పరీక్ష రాయమని ఎవరూ అనరు. రెండోవారికి నా జవాబు ఇంకా చిన్నది. పెట్టం.

"పెంపకం బాగుంటే అలా అరవడు" అని కూడా ఒకరు రాశారు. మొండి చేసే పిల్లల్ని ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను. మొండి చేసేవాడు ఏడుస్తూనే ఓరకంట మనల్ని చూస్తుంటాడు, అడిగింది ఇస్తే టక్కున ఆపేస్తాడు. మెల్ట్‌డౌన్‌లో ఉన్న, అంటే భరించలేనంత అయిపోయి తన మీద తనకే అదుపు తప్పిన పిల్లవాడికి ఎదురుగా ఉన్నది ఎవరో కూడా పట్టదు. అప్పుడు గట్టిగా మాట్లాడితే అతని నెత్తిన ఇంకో శబ్దం వేసినట్టే. ఇంకో సంగతి. పోయిన ఏడాది ఇదే అమ్మాయి పెన్సిల్ డబ్బా విసిరికొట్టిందని నా గదికి పంపారు. నేను మందలించడానికి గొంతు సవరించుకుంటుంటే, ఆమె ఏడుపు చూసి మా ఆయమ్మ "ముందు షుగర్ చూడండమ్మా" అంది. 61. షుగర్ తగ్గిన పిల్లలకి ఉన్నట్టుండి కోపం రావడం, ఏడుపు రావడం మామూలే. అప్పట్నుంచి మా స్టాఫ్ రూమ్‌లో ఆయమ్మ మాటే రూలు.

బుధవారం ఇద్దరు అమ్మలూ నా గదికి వచ్చారు. పోట్లాట జరుగుతుందేమోనని నాకు కొంచెం టెన్షన్‌గానే ఉంది. ఇద్దరూ ఒకరికొకరు క్షమాపణ చెప్పుకోవడంతోనే పది నిమిషాలు గడిచిపోయాయి. ఒకావిడ రాత్రి రెండింటికి మోగే అలారం గురించి చెప్పారు. ఫోన్ దిండు కింద పెట్టుకుని పడుకోవడం, నిద్రలో ఉన్న పిల్లని లేపి జ్యూస్ తాగించడం, పదిహేను నిమిషాలు మంచం అంచున కూర్చోవడం, మళ్ళీ పొద్దున్నే ఆఫీసు. ఏడేళ్ళుగా ఒక రాత్రి పూర్తిగా నిద్రపోలేదట. రెండో ఆవిడ ఇంట్లో కాలింగ్ బెల్ తీసేసి ఆరేళ్ళయింది. జుట్టు కత్తిరించాలంటే వారం ముందు నుంచి క్యాలెండర్‌లో గుర్తు పెట్టి చెబుతారు. పాత బూట్లు చిన్నవైపోతే అదే రంగు, అదే కంపెనీ, తర్వాతి సైజు దొరక్క రెండు నెలలు తిరిగారు. వెళ్ళేముందు ఆవిడ "మా వాడికి షుగర్ కూడా ఉండి ఉంటే ఏమయ్యేదో" అన్నారు. రెండూ ఉన్న పిల్లలూ ఉంటారు. తనకు ఆకలేస్తోందో, ఒళ్ళు వణుకుతోందో కొందరు ఆటిజం పిల్లలు సులువుగా పోల్చుకోలేరు, పోల్చుకున్నా మాటల్లో చెప్పలేరు. ఇన్సులిన్ తీసుకున్నాక కంచంలోది నచ్చక ముద్ద ముట్టకపోతే ఆ ఇంట్లో పరిస్థితి ఏమిటో ఒక్కసారి ఆలోచించండి.

ఇప్పుడు నాకు ఎంతో ముఖ్యమైన విషయానికి వస్తాను, తెలిసినవాళ్ళు నవ్వుకున్నా సరే. మన స్కూల్లో బాత్రూమ్‌కి వెళ్ళడానికీ, మంచినీళ్ళు తాగడానికీ ఏ పిల్లా ఎవర్నీ అనుమతి అడగక్కర్లేదు. తలుపు దగ్గర కార్డు ఉంటుంది, తీసుకుని వెళ్ళడం, వచ్చి పెట్టేయడం. దీనివల్ల పిల్లలు వరండాల్లో తిరుగుతున్నారని ప్రతి మీటింగులో ఎవరో ఒకరు అంటారు. తిరగనివ్వండి. నేను కొత్తగా టీచరైన రోజుల్లో, వేరే స్కూల్లో, నాల్గో తరగతి పిల్లవాడొకడు పీరియడ్‌కి రెండుసార్లు బాత్రూమ్‌కి అడిగేవాడు. పాఠం ఎగ్గొట్టడానికే అనుకున్నాను. ఒకరోజు మూడోసారి అడిగితే "కూర్చో" అన్నాను. కూర్చున్నాడు. నిక్కరు తడిసిపోయింది. క్లాసంతా నవ్వింది. ఆ వారాంతంలో వాంతులతో, ఎగశ్వాసతో వాణ్ణి ఆస్పత్రిలో చేర్చారు. ఇన్సులిన్ లేక రక్తంలో కీటోన్లనే ఆమ్లాలు పెరిగి ప్రాణం మీదికి వచ్చింది. టైప్ 1 అని అప్పుడే తెలిసింది. బతికాడు. నెల తర్వాత స్కూలుకి వచ్చి, మొదటి పీరియడ్‌లోనే చెయ్యెత్తి భయం భయంగా "వెళ్ళొచ్చా టీచర్" అని నన్నే అడిగాడు. ఆ చెయ్యి నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. కాబట్టి కార్డు విషయంలో నాతో వాదించకండి. మీ ఇంట్లో కూడా పిల్లలు ఉన్నట్టుండి తెగ నీళ్ళు తాగుతున్నా, మాటిమాటికీ బాత్రూమ్‌కి పోతున్నా, మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలైనా, చిక్కిపోతున్నా, నీరసపడుతున్నా, రేపు చూద్దాంలే అనుకోవద్దు. ఆ రోజే షుగర్ చూపించండి. ఒక్క చుక్క రక్తంతో తెలిసిపోతుంది.

ఆ అమ్మాయి గురించి ఇంకొంచెం చెప్పకుండా ఉండలేను. పోయిన నవంబరు 14న, ప్రపంచ మధుమేహ దినం రోజున, అసెంబ్లీలో ఇన్సులిన్ కథ చెప్పింది. ఆ రోజు కెనడా డాక్టర్ బాంటింగ్ పుట్టినరోజు అని నేనే పరిచయం చేశాను. అక్కడితో ఆగకుండా, ఇన్సులిన్ కనిపెట్టింది ఆయనే అన్నట్టుగా ఒక మాట అన్నాను. మైకు దగ్గరే నన్ను సరిదిద్దింది. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ మొదలుపెట్టారు, వాళ్ళకు ల్యాబ్ ఇచ్చింది మెక్లౌడ్, మందును శుద్ధి చేసింది కాలిప్. 1922 జనవరిలో 14 ఏళ్ళ అబ్బాయికి ఇచ్చిన మొదటి సూది సరిగా పనిచేయలేదు, కాలిప్ శుద్ధి చేశాక ఇచ్చింది పనిచేసింది. 1923లో నోబెల్ బాంటింగ్‌కీ మెక్లౌడ్‌కీ వస్తే, బాంటింగ్ తన డబ్బులో సగం బెస్ట్‌కీ, మెక్లౌడ్ తన దాంట్లో సగం కాలిప్‌కీ ఇచ్చారు. ఇదంతా కాగితం చూడకుండా చెప్పింది. అంతకు ముందు పుట్టి ఉంటే తనకెన్ని రోజులు ఉండేవో కూడా మామూలుగానే చెప్పేసింది. నేను కళ్ళజోడు తుడుచుకోవాల్సి వచ్చింది.

ఆ అబ్బాయి గురించి కూడా. గురువారం నా దగ్గరికి వచ్చి, "ఆ ఫోన్‌లో మొత్తం ఎన్ని శబ్దాలున్నాయి?" అని అడిగాడు. అమ్మాయి తన ఇంట్లో అడిగి, లైబ్రరీలో కూర్చుని, సౌండ్ బాగా తగ్గించి ఒక్కొక్కటీ వినిపించింది. ప్రతిదానికీ ముందు "ఇప్పుడు" అని చెప్పి మరీ. అతను నోటు పుస్తకంలో గీతలు గీసి రాసుకున్నాడు: షుగర్ పెరిగితే ఏది, దిగుతుంటే ఏది, బాగా పడిపోతే ఏది. మార్చడానికి వీలున్న వాటికి అతను భరించగలిగిన శబ్దాలు పెట్టారు. ఆ చివరిది మాత్రం మారదు. అందుకు చెవులకు పెట్టుకునే మఫ్స్ మెడలో వేసుకుంటున్నాడు. నిన్న ఫోన్ మళ్ళీ మోగింది. మఫ్స్ పెట్టుకుని, కార్డు తీసుకుని బయటికెళ్ళి ఆరు నిమిషాల్లో తిరిగొచ్చాడు. అన్ని రోజులూ ఇంత సాఫీగా జరగవని నాకూ తెలుసు. ఇద్దరికీ ఎవరూ సలహా ఇవ్వలేదు, నేనూ ఇవ్వలేదు, అది మాత్రం రాసుకోండి.

ఇంటి దగ్గర మీరు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి, చాలా గౌరవంతో చెబుతున్నాను. పుట్టినరోజు చాక్లెట్లు చెప్పకుండా పంపొద్దని మూడేళ్ళుగా ప్రతి ఉత్తరంలో రాస్తున్నాను, ఇది నాలుగో ఏడు. ఆ అమ్మాయి చాక్లెట్ తినకూడదని కాదు. లెక్క చూసుకుని, ఇన్సులిన్ తీసుకుని తింటుంది, దానికి ముందు తెలియాలి అంతే. "పాపం, దానికి పెట్టకు" అని మీ పిల్లలకు నేర్పి పంపకండి. స్వీట్లు తిని తెచ్చుకున్న జబ్బు కూడా కాదది. శరీరంలోని రక్షణ వ్యవస్థే ఇన్సులిన్ తయారుచేసే కణాల్ని నాశనం చేస్తే వస్తుంది. ఇన్సులిన్ మాన్పించే ఆకుల మెసేజ్‌లు ఆ తల్లికి పంపేవాళ్ళు దయచేసి ఈ రోజుతో ఆపేయండి. టీకాలవల్ల ఆటిజం వస్తుందన్న మెసేజ్ కూడా. దానికి మూలం 1998లో 12 మంది పిల్లల మీద రాసిన ఒక పేపరు, దాన్ని అచ్చువేసిన లాన్సెట్ అనే వైద్య పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. స్కూలు గ్రూపులో మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

సెన్సర్ ఉన్న పిల్లల అమ్మానాన్నలకు కూడా ఒక మాట. అంకె ఇంట్లో మీ ఫోన్‌లోనూ కనిపిస్తుందని తెలుసు, భయమూ తెలుసు. అయినా ఒకే పీరియడ్‌లో పిల్ల ఫోన్‌కి పదకొండుసార్లు చేయకండి. ఆఫీసుకి చేయండి, ఎవరో ఒకరు పరుగెత్తుతారు. రాత్రే ఫోన్ చార్జింగ్ పెట్టండి. 9 శాతం చార్జితో వచ్చిన ఫోన్ మధ్యాహ్నానికి ఎవర్ని కాపాడుతుంది? స్ట్రిప్పులు, గ్లూకోజ్ బిళ్ళలు అయిపోకముందే పంపండి. పిల్లలకు ఏముందో మాకు చెప్పకుండా దాచేవాళ్ళూ ఉన్నారు, సీటు రాదేమోనని. సీటు ఇచ్చేశాం కదండీ, ఇప్పుడైనా చెప్పండి. పిల్లల ఎదురుగా "వీడికేం అర్థం కాదు మేడమ్" అనడం మానండి. అర్థమవుతుంది. వింటున్నాడు కూడా.

మిగిలినవి గబగబా చెప్పేస్తాను. ఫీజు గడువు ఈ నెలాఖరు. ఐడీ కార్డుల ఫొటోలు సోమవారం. వార్షికోత్సవం వచ్చే నెలకి వాయిదా, అందులో చప్పట్ల బదులు చేతులు ఊపే భాగం ఒకటుంటుంది, ఎందుకో మీకు తెలుసు. ఫైర్ డ్రిల్ బుధవారం 11 గంటలకు, ఇంట్లో పిల్లలకు ముందురోజే చెప్పండి, సరిగ్గా సమయంతో సహా.

వచ్చే శనివారం ఉదయం షుగర్ తగ్గితే ఏం చేయాలో మా నర్సు గారు హాల్లో చూపిస్తారు. స్పృహ లేని పిల్లల నోట్లో ఏమీ పోయకూడదని, పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే అంబులెన్స్‌ని పిలవాలని కూడా చెబుతారు. వీడియో తీసినవారు ఎవరో నాకు తెలుసు, పేరు చెప్పను. ముందు వరుసలో మీకొక కుర్చీ ఉంచుతాను.

మంగళవారం కిందపడ్డ నీలం రంగు వాటర్ బాటిల్ ఇంకా ఆఫీసులోనే ఉంది. ఎవరిదో వచ్చి తీసుకెళ్ళగలరు.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు