బరువు కాదు, సంఖ్య చూడాలి

గాలిలో కణాల కాలుష్యాన్ని ప్రధానంగా పీఎం 2.5 (2.5 మైక్రాన్లు, అంతకన్నా చిన్న కణాలు) బరువుతోనే కొలుస్తుండటంతో నానో కణాలు లెక్కకు అందడం లేదు. సాంద్రత ఒకటే అనుకుంటే, 2.5 మైక్రాన్ల కణం ఒక్కటి తూగేంత బరువుకు 100 నానోమీటర్ల (మైక్రానులో పదో వంతు) కణాలు 15,625 కావాలి. ఊపిరితిత్తుల్లో గాలి తిత్తుల దాకా ఎక్కువగా దిగేవి, కొన్ని రక్తంలోకీ చేరేవి ఈ చిన్నవే. చౌక లేజర్ సెన్సర్లదీ అదే గుడ్డితనం: సుమారు 300 నానోమీటర్లకు దిగువన కణం చిమ్మే కాంతి వాటికి ఆనదు. పక్కనే బస్సు పొగ కక్కుతున్నా తెర మీద గాలి బాగుందనే పచ్చరంగే! 24 గంటల సగటు ఘన సెంటీమీటరుకు 10,000 కణాలు దాటితే ఎక్కువేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లోనే చెప్పింది. రద్దీ కూడళ్లలో బ్యుటనాల్ అనే ఆల్కహాల్ ఆవిరితో కణాలను ఉబ్బించి లెక్కపెట్టే కౌంటర్లు పెట్టి, 10 నానోమీటర్లు, అంతకన్నా పెద్ద కణాల సంఖ్యను పీఎం 2.5 పక్కనే గంటగంటకూ ప్రకటించాలి.