వరద సాయం: క్యాంపస్ సంఘాలు మూడో వారానికీ మిగలాలి

సంపాదకుడు గారికి,

ఎక్కడ తుఫాను వచ్చినా, వరద ముంచినా ఆ ఆదివారమే కాలేజీ ఆవరణల్లోని లూథరన్ క్రైస్తవ సంఘాల్లో సహాయ కానుకల ప్రకటన వినబడుతుంది. ఇవ్వడానికి మనవాళ్లు వెనకాడరు. హాస్టల్ పిల్లలు మెస్ బిల్లు కట్టగా మిగిలిన దాంట్లోంచి కూడా ఇస్తారు. బాధేమిటంటే, అలా పోగైన డబ్బూ ఓపికా మొదటి మూడు రోజుల్లోనే అయిపోతున్నాయి. అసలు పని రెండో వారంలో మొదలవుతుంది.

2024 సెప్టెంబరు 1, ఆదివారం, బుడమేరు వాగు విజయవాడను ముంచింది. సింగ్‌నగర్, న్యూ రాజరాజేశ్వరిపేట, పాయకాపురం వైపు పడవల మీద, ట్రాక్టర్ల మీద, చివరికి డ్రోన్లతో కూడా ఆహారం పంపారు. అలాంటప్పుడు తెల్లవారుజామున వండిన పులిహోరను వేడివేడిగా పాలిథిన్ కవరులో కట్టేస్తే లోపల చెమట పట్టి మధ్యాహ్నానికే పులిసిపోతుంది. పొట్లం చేరేసరికి సాయంత్రం అవుతుంది. మొదటి రెండు రోజులకు అటుకులు, బెల్లం, వేయించిన సెనగపప్పు, బిస్కట్లు, సీలు వేసిన నీళ్లు చాలు. వండి తీరాలంటే అన్నం వెడల్పుగా ఆరబోసి, పూర్తిగా చల్లారాకే కట్టాలి. పొట్లం మీద వండిన సమయం రాయాలి.

బియ్యం సంగతీ అంతే. ఆ వరదలో ప్రభుత్వమే కుటుంబానికి 25 కిలోల బియ్యంతో పాటు పప్పు, నూనె, చక్కెర, ఉల్లి, బంగాళాదుంపలు ఇచ్చింది. దాని మీద సంఘం మరో ఐదు కిలోలు తెచ్చిపెడితే, పొయ్యి తడిసి మంచం కొట్టుకుపోయిన ఇంట్లో ఆ మూట పెట్టుకునే చోటే ఉండదు. వాడిన బట్టలైతే ఎవరూ తీసుకోక బురదలోనే మిగిలిపోతాయి. అందుకే మా సూచన: వచ్చిన ప్రతి వంద రూపాయల్లో అరవై రూపాయలను రెండో, మూడో వారాల పనికి దాచి ఉంచండి.

ఆ అరవై రూపాయలు ఇల్లు కడగడానికి. ఆరుగురు పిల్లల బృందానికి రెండు పారలు, నాలుగు తట్టలు, రెండు పెద్ద వైపర్లు, మూడు బక్కెట్లు, అందరికీ గమ్‌బూట్లు, రబ్బరు గ్లవ్స్ కావాలి. పూటకు ఒక్క ఇల్లే ఒప్పుకోవాలి. మెయిన్ స్విచ్ ఆపి ఉందో లేదో ముందు చూడాలి. తర్వాత గోడల మీద నీటి గుర్తునూ, పాడైన సామానునూ ఇంటివాళ్ల ఫోనులో ఫొటో తీయించాలి. నష్టం రాసుకోవడానికి వచ్చే అధికారులు శుభ్రమైన ఇల్లు చూసి ఏం రాస్తారు? ఆ తర్వాతే పార పట్టాలి. బురద తడిగా ఉన్నప్పుడే ఎత్తాలి, ఎండితే గట్టిపడి గీకినా రాదు. పైనుంచి కిందికి కడగాలి. చివరగా లీటరు నీళ్లకు 30 గ్రాముల బ్లీచింగ్ పౌడరు కలిపి, తేటను మాత్రం మరుగుదొడ్డిలో, నేల మీద పోయాలి. బాత్రూం కడిగే యాసిడ్‌ను దీంతో ఎప్పుడూ కలపకూడదు, క్లోరిన్ వాయువు లేచి ఊపిరాడనివ్వదు. విప్పి నెలలైన బ్లీచింగ్ సంచి పనికిరాదు. ఘాటు వాసన లేదంటే అందులో సత్తువ పోయిందనే.

బావి నీళ్లలో బ్లీచింగ్ పౌడరు వేసేటప్పుడు పొరపాట్లు ఎక్కువ. గుండ్రటి బావి అడ్డుకొలతను మీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, నీటి లోతుతోనూ 785తోనూ గుణిస్తే లీటర్లు వస్తాయి. రెండు మీటర్ల బావిలో మూడు మీటర్ల నీళ్లుంటే 9,420 లీటర్లు. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల చొప్పున సుమారు 24 గ్రాముల పౌడరు. అయితే నీళ్లు మడ్డిగా ఉంటే క్లోరిన్ ఆ మురికితోనే ఖర్చయిపోతుంది, కాబట్టి ముందు బావి తోడించాలి. పౌడరును నేరుగా చల్లకుండా బక్కెట్లో ముద్దలా కలిపి, నీళ్లు పోసి, పది నిమిషాలు ఆగి, సున్నం అడుగుకు దిగాక తేటను దించాలి. గంట తర్వాత క్లోరోస్కోపుతో (నీటిలో మిగిలిన క్లోరిన్ కొలిచే సాధనం) పరీక్షిస్తే లీటరుకు అర మిల్లీగ్రాము క్లోరిన్ మిగిలి ఉండాలి. లేకపోతే మళ్లీ వేయాల్సిందే.

చదువుల ఆవరణలో ఉన్న సంఘానికి మరింత బాగా చేతనైన పని ఇంకొకటుంది. తడిసిన సర్టిఫికెట్లు, పాఠ్యపుస్తకాలు. అంటుకున్న కాగితాలను లాగి విడదీయొద్దు. నీడలో, ఫ్యాను కింద పాత పేపరు మీద పరిచి, పేపరు తడిసినప్పుడల్లా మార్చాలి. అధ్యాపకులైన సంఘ సభ్యులు ఒక బల్ల వేసుకుని కూర్చుని డూప్లికేట్ సర్టిఫికెట్ల దరఖాస్తులు రాసిపెడితే, పదో తరగతి మెమో పోగొట్టుకున్న పిల్లకు అది బియ్యం మూటకన్నా ఎక్కువ.

డబ్బు విషయంలో ఒక హెచ్చరిక. అమెరికాలో స్థిరపడిన పూర్వ విద్యార్థులు ప్రేమతో పాస్టరు గారి సొంత ఖాతాకే పంపేస్తుంటారు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నా సరే, విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) దృష్టిలో విదేశీ దాతలే. అలాంటి కానుక ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థకే, అదీ ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలోని దాని ఖాతాకే రావాలి. 2020 సవరణ తర్వాత ఆ సంస్థ దాన్ని మరో సంస్థకు బదిలీ చేయడానికీ వీల్లేదు. భారత పాస్‌పోర్టు ఉన్నవారు సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. ఈ తేడా పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ముందే రాసి పెట్టండి.

సాయంతో పాటు కరపత్రాలు పంచడం, తీసుకునేవాళ్ల ముఖాలు ఫొటోలు తీయడం మానాలి. సాయాన్ని మతప్రచారానికి వాడకూడదని 1994లో రెడ్‌క్రాస్ ఉద్యమం, స్వచ్ఛంద సంస్థలు రాసుకున్న నియమావళిలో ఉంది. దాన్ని ముందుకు తెచ్చినవాటిలో లూథరన్ ప్రపంచ సమాఖ్య ఒకటి. లూథరన్లమైన మనకు అది మన మాటే. ఏ ఇంటికి ముందు వెళ్లాలో వార్డు సచివాలయం దగ్గర, ఆ ప్రాంతంలో పనిచేస్తున్న కాసా (చర్చిల ఉమ్మడి సేవా సంస్థ) వంటి సంస్థల దగ్గర అడిగి తెలుసుకోవాలి. మన సంఘస్థుల జాబితా పట్టుకుని వెళ్లకూడదు.

ఇవన్నీ వరద వచ్చాక అనుకుంటే కావు. హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబరు 12న వచ్చింది. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న. మిచాంగ్ 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటేసరికి క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలం మొదలై రెండు రోజులే. అక్టోబరు చివర్లో వచ్చే సంస్కరణ పండుగ, సెమిస్టర్ పరీక్షలు, క్రిస్మస్ పాటల సాధన అన్నీ తుఫానులతో పాటే వస్తాయి. అందుకని పారలు, బూట్లు ఆగస్టులోనే కొని గుడి గదిలో పెట్టాలి. వెళ్లే పిల్లలకు ధనుర్వాతం టీకా అప్పుడే వేయించాలి. కాళ్లకు పుండ్లున్నవారిని బురదలోకి దించొద్దు, ఎలుకల మూత్రంతో వచ్చే జ్వరం అలాగే అంటుకుంటుంది.

కాలేజీ యాజమాన్యాలకు మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. జాతీయ సేవా పథకం (ఎన్ఎస్ఎస్) వాలంటీరు ఏడాదికి 120 గంటల సేవ చేయాలి. వరద ఇళ్లలో బురద ఎత్తిన గంటలను అందులో లెక్కించి, ఆ రోజులకు హాజరు ఇవ్వండి. అలా ఇస్తామన్న ఉత్తర్వు విద్యా సంవత్సరం మొదట్లోనే నోటీసు బోర్డు మీద పెట్టండి.

ఇట్లు,
క్యాంపస్ సంఘ సహాయ కమిటీ సభ్యులు,
గుంటూరు