క్యాలెండరు గడుల్లో గంటలు

గాజువాక,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ మావా,

మొన్న ఫోన్లో "జర్మనీ ఆన్‌సైట్ వచ్చింది" అని ఒక్క ముక్క చెప్పి పెట్టేశావు. సంతోషమేరా. కానీ అప్పట్నించీ నీకు నాలుగు మాటలు చెప్పాలని ఒకటే ఇది. వాట్సాప్‌లో పెట్టొచ్చు కదా అంటుంది మీ చెల్లెమ్మ. అక్కడ పెడితే నువ్వు బొటనవేలు చూపించి ఊరుకుంటావని నాకు తెలీదా!

మా బామ్మర్ది గుర్తున్నాడు కదా, నా పెళ్ళిలో నీ బండి పట్టుకెళ్ళి పెట్రోలంతా తాగించేసినోడు. షిప్‌యార్డులో కాంట్రాక్టరు కింద ఆరేళ్ళు చేశాడు. పైపు వెల్డింగులో 6జి అని ఒక కష్టమైన టెస్టు పాసయ్యాక ఒక ఏజెంటు పట్టుకున్నాడు. ఉద్యోగం పోలండ్ కంపెనీది, పని మాత్రం బెల్జియంలో. అంటే పోలండ్ వాళ్ళు తమ మనిషిని కొన్నాళ్ళ పనికి ఇంకో దేశం పంపిస్తారన్నమాట.

తమాషా ఏంటంటే, అదే గల్ఫ్‌కి వెళ్ళేవాడైతే, పైగా పది పాసవ్వనివాడైతే, పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (వెళ్ళే ముందు ప్రభుత్వ అనుమతి కావాలనే గుర్తు) ఉంటుంది. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద క్లియరెన్సు కావాలి, కాగితాలు ఎవరో ఒకరు చూస్తారు. వీడు పది పాసు, ఐటీఐ కూడానూ. వెళ్ళేది యూరప్. ఈసీఆర్ జాబితాలో ఉన్న 18 దేశాల్లో అది లేదు. అందుకని వీడి కాంట్రాక్టు ఎవ్వరూ చూడలేదు, వీడితో సహా. పోలిష్ భాషలో ఉందట. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టాడు. ఏజెంటు సర్వీసు ఛార్జీ 30,000, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. వాడు ఎంత లాగాడో చెప్తే నువ్వు నన్ను తిడతావు, వదిలేయ్.

వెళ్ళిన నాలుగో నెలలో పే స్లిప్పు ఫోటో పంపి "బావా, ఇందులో ఏదో తిరకాసుంది" అన్నాడు. పెద్దది చేసి చూశాను. పై వరసలో జీతం, పోలండ్ కనీసం రేటు. కింద "అలవెన్సు" అని జీతం కంటే పెద్ద అంకె. ఆ రెండూ కలిపితే బెల్జియం రేటుకి సరిపోయినట్టు కనిపిస్తుంది. ఆ కిందే గది అద్దెకి, వ్యానుకి అని 450 యూరోలు కోత! గదంటే ఏమనుకున్నావ్, నలుగురికి రెండు బంకు మంచాలు, ఒక్క పొయ్యి.

వీడి పక్క మంచం రొమేనియా కుర్రాడికి కాస్త లోకజ్ఞానం ఉంది. వీణ్ణి అక్కడి యూనియన్ ఆఫీసుకి తీసుకెళ్ళాడు. వాళ్ళు చెప్పిందాన్ని నేను రాత్రుళ్ళు కూర్చుని చదివి అర్థం చేసుకున్నాను. 1996 నుంచీ యూరప్‌లో ఒక చట్టముంది. ఏ దేశం కంపెనీ పంపినా, పనిచేస్తున్న దేశం నియమాలే వర్తించాలి: పనిగంటలు, సెలవులు, సేఫ్టీ, కనీస జీతం. ఆ "కనీసం" అన్న మాట పట్టుకునే కంపెనీలు బతికాయి. 2018లో దాన్ని తీసేసి, అక్కడి వాళ్ళకి చట్టప్రకారం వచ్చే జీతభత్యాలన్నీ వీళ్ళకీ ఇవ్వాలన్నారు. 2020 జులై 30 నుంచి అమలు. తమ కంపెనీలకి పోటీలో దెబ్బని పోలండ్, హంగరీ కోర్టుకెళ్ళాయి కూడా. ఆ డిసెంబరులోనే కోర్టు వాళ్ళ కేసుల్ని కొట్టేసింది. పనివాళ్ళని పంపే దేశాలే పనివాడికి ఎక్కువ జీతం వద్దని వాదించడం! మన ఆటోనగర్ లేబర్ కాంట్రాక్టర్లే నయం అనిపించింది నాకు.

అసలు కిటుకు అలవెన్సు దగ్గరుంది. ప్రయాణం, బస, తిండి ఖర్చులకిచ్చే డబ్బుని జీతం కింద చూపించకూడదు. అందులో ఏది జీతం, ఏది ఖర్చు అని విడమర్చి రాయకపోతే, మొత్తం ఖర్చుల కిందే లెక్క. వీడి స్లిప్పులో "అలవెన్సు" అని ఒక్క ముక్కే ఉంది. అంటే జీతం బాకీ ఉన్నట్టే. అలాగే 12 నెలలు దాటితే (కంపెనీ కారణం రాసిస్తే 18) అక్కడి కార్మిక చట్టం దాదాపు అంతా వర్తిస్తుంది. కేసు పెట్టాడని వేధించకూడదు, కేసు బెల్జియంలోనే వేయొచ్చు. అయితే పెన్షన్ సొమ్ము మాత్రం 24 నెలల దాకా పోలండ్‌లోనే కట్టొచ్చు, దానికి ఏ1 అని ఒక కాగితం. వీడి దగ్గర అదీ లేదు. అడిగితే "ఆఫీసులో ఉంది" అన్నారు.

గంటలకి రుజువేది అన్నారు యూనియన్ వాళ్ళు. అప్పుడు తీశాడు వీడు, మా అత్తగారు సూట్‌కేసులో పెట్టిన తెలుగు క్యాలెండరు. రోజూ పడుకునే ముందు గడిలో పెన్సిల్‌తో రాసుకున్నాడట: 10½, 11, 9. పౌర్ణమి పక్కన 12. అమావాస్య గడిలో "వాన, పని లేదు". నెల పేర్లు తెలుగులో ఉన్నాయి గానీ తేదీలూ అంకెలూ అందరివీ ఒకటే కదా. వాళ్ళు పేజీ పేజీ ఫోటో తీసుకున్నారు. అద్దె కోసింది తిరిగొచ్చింది. జీతం తేడా సగమొచ్చింది, మిగతాది నడుస్తోంది. వాడు సెలవు మీద వచ్చి ఇక్కడే వంజరం పులుసు లాగిస్తున్నాడు, మనశ్శాంతిగానే ఉన్నాడు.

ఇక నీ సంగతి. నిన్ను ఇక్కడి కంపెనీయే నేరుగా పంపుతోంది కాబట్టి లెక్క వేరు. జర్మనీతో మనకి సామాజిక భద్రత ఒప్పందం ఉంది. పీఎఫ్ ఆఫీసు నుంచి కవరేజ్ సర్టిఫికెట్ తీయిస్తే పెన్షన్‌కి ఇక్కడా అక్కడా రెండుసార్లు కట్టక్కర్లేదు. విమానం ఎక్కే ముందే హెచ్‌ఆర్‌ని అడుగు. ఆరోగ్య బీమా సంగతి విడిగా అడుగు. ఆఫర్ లెటర్లో బేసిక్ ఎంత, "పర్ డియమ్" (రోజువారీ ఖర్చుల డబ్బు) ఎంత అన్నది కూడా చూడు. నువ్వు ఏసీలో కూర్చుంటావు, మా వాడు పైపు కింద పడుకుంటాడు, అంతే తేడా. జీతానికీ ఖర్చుకీ మధ్య ఉన్న ఆ గీత మాత్రం ఇద్దరికీ ఒకటే.

సంతకం పెట్టకముందు ఆ లెటర్ ఫోటో నాకు పంపు. మా బామ్మర్ది చూస్తానంటున్నాడు, ఇప్పుడు వాడు చిన్న సైజు లాయరు. చెల్లెమ్మకి, పిల్లలకి అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ మావ

తా.క. క్యాలెండరు ఒకటి నీకూ కొని ఉంచాను. వచ్చినప్పుడు పట్టుకెళ్ళు.