డ్రైవర్ తలుపు దగ్గరి చీటీ చదివాకే రిమ్ములు కొనండి

సంపాదకులకు నమస్కారం.

దసరా ప్రత్యేక పేజీల్లో మీరు పాత కారును కొత్తగా తీర్చిదిద్దుకోవడం గురించి ఒక వ్యాసం వేశారు. సీటు కవర్ల గురించి, లైట్ల గురించి వివరంగానే ఉంది. రిమ్ముల గురించి మాత్రం రెండే వాక్యాలు. పెద్ద రిమ్ములు, వెడల్పాటి టైర్లు వేయిస్తే కారు నిండుగా కనిపిస్తుందని, రోడ్డును గట్టిగా పట్టుకుంటుందని రాశారు. ఆ పేజీ కత్తిరించి జేబులో పెట్టుకుని వారం రోజుల్లో ఇద్దరు నా దుకాణానికి వచ్చారు. అచ్చులో వచ్చిన మాటను మా ప్రాంతంలో ఇంకా నమ్ముతారు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

కోదాడలో హైదరాబాద్–విజయవాడ రహదారి పక్కన 24 ఏళ్లుగా నాకు టైర్ల దుకాణం ఉంది. టైర్లు అమ్ముతాను, చక్రాల వాలు సరిచేసే అలైన్‌మెంట్, చక్రం బరువు అన్నివైపులా సమం చేసే బ్యాలెన్సింగ్ చేస్తాను. రిమ్ములు మార్చుకోవద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. మంచి అలాయ్ రిమ్ములు వేసిన కారును చూస్తే నాకూ కళ్లు నిండుతాయి. అయితే సైజు ఎంచుకోవడానికి ఒక పద్ధతి ఉంది. దాన్ని ఎవరూ చెప్పకపోవడం వల్ల జరుగుతున్నవి రోజూ నా జాకీ మీదికి వస్తున్నాయి.

గత వానాకాలంలో హుజూర్‌నగర్ వైపు నుంచి తండ్రీ కొడుకులు ఒక చిన్న కారులో వచ్చారు. వెనక సీట్లో ముగ్గురు ఆడవాళ్లు, డిక్కీ నిండా పెళ్లి సామాను. అబ్బాయి ముఖం వాడిపోయి ఉంది. "బాబాయ్, ఎనభై దాటితే స్టీరింగ్ వణుకుతోంది. మూడుసార్లు బ్యాలెన్సింగ్ చేయించాను, తగ్గలేదు" అన్నాడు. కొత్త రిమ్ములు వేయించి నెల కూడా కాలేదట. కంపెనీ ఇచ్చినవి 15 అంగుళాలవి, ఇప్పుడున్నవి 17 అంగుళాలవి.

చక్రం విప్పి చూశాను. రిమ్మును బిగించే హబ్బు మధ్యలో పైకి వచ్చే బొడ్డు ఉంటుంది, దాని వ్యాసం 54.1 మిల్లీమీటర్లు. కొత్త రిమ్ము మధ్య రంధ్రం 73.1. బయట మార్కెట్లో దొరికే రిమ్ములు చాలావరకు రకరకాల కార్లకు సరిపోవాలని పెద్ద రంధ్రంతోనే వస్తాయి. ఆ ఖాళీ నిండేలా మధ్యలో ఒక రింగు వేయాలి. ఇక్కడ నాలుగు చక్రాల్లో ఒక్కదానికీ రింగు లేదు. చుట్టూ తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల ఖాళీ, నా చిటికెన వేలు దూరింది. రిమ్ము సరిగ్గా మధ్యలో కూర్చోవాలంటే నట్లు తప్ప మరో ఆధారం లేదు. నట్లు కాస్త అటూ ఇటూగా బిగిసినా చక్రం కేంద్రం తప్పి తిరుగుతుంది. బ్యాలెన్సింగ్ యంత్రం మీద రిమ్మును దాని రంధ్రం ఆధారంగానే బిగిస్తారు కాబట్టి అక్కడ ఏ తేడా కనిపించదు. అబ్బాయి మూడుసార్లు డబ్బు కట్టినా వణుకు తగ్గకపోవడానికి కారణం ఇదే.

నిజానికి అసలు భయం ఎడమవైపు ముందు చక్రాన్ని తిప్పి చూశాక కలిగింది. టైరు లోపలి పక్క గోడ మీద కోడిగుడ్డంత బుడిపె ఉంది. గుంతలో పడ్డప్పుడు పక్క గోడలోని దారాలు తెగితే, లోపలి గాలి ఆ చోట రబ్బరును బయటికి తోస్తుంది. దానికి మరమ్మతు లేదు, టైరు పారేయాల్సిందే. అదే చక్రం రిమ్ము అంచులో వెంట్రుక సన్నం పగులు, వేలితో తడిమితే గోరు తగిలింది. ఐదుగురు మనుషులు, సామాను, ఆ బుడిపె మీద జాతీయ రహదారి ప్రయాణం. ఆ తండ్రి టైరును చూసి అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయారు.

ఇంతకీ రిమ్ములు అమ్మినవారు ఎంచిన సైజు చక్రం వ్యాసం లెక్కలో తప్పు కాదు. కంపెనీ టైరు 185/65 ఆర్15. ఇందులో 185 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 65 అంటే పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం, అంటే 120.25 మిల్లీమీటర్లు. చక్రానికి పైనా కిందా రెండు గోడలు కాబట్టి 240.5. రిమ్ము 15 అంగుళాలను 25.4తో గుణిస్తే 381. రెండూ కలిపితే చక్రం మొత్తం వ్యాసం 621.5 మిల్లీమీటర్లు. కొత్తది 205/45 ఆర్17. ఇదే లెక్క చేస్తే 616.3 వస్తుంది. తేడా ఒక శాతం కూడా లేదు. వేగం మీటరు దాదాపు సరిగ్గానే చూపిస్తుంది.

పక్క గోడ మాత్రం 120 నుంచి 92 మిల్లీమీటర్లకు పడిపోయింది. మన రోడ్ల మీద రిమ్మును కాపాడేది ఆ గోడే. రహదారి దిగి ఊళ్లోకి మలుపు తిరిగితే ఎదురయ్యే గుంతల్లో 28 మిల్లీమీటర్ల రబ్బరు చాలా పెద్ద తేడా. ఇక టైరు మీద సైజు తర్వాత ఉండే అంకె చూద్దాం, దాన్ని కొనేవాళ్లలో చాలామంది చదవరు. పాత టైరు మీద 88 హెచ్ అని ఉండేది. 88 అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోయగలదు, హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల వేగం వరకు తట్టుకుంటుంది. కొత్త టైరు మీద 84 ఉంది. అంటే 500 కిలోలు. నాలుగూ కలిపి లెక్కిస్తే కారును తయారుచేసినవాళ్లు ఉంచిన మిగులులో 240 కిలోలు పోయాయి. ఖాళీ కారులో ఇది తెలియదు. నిండా జనంతో గుంతలో పడ్డప్పుడు ఆ బరువులో చాలా భాగం క్షణంపాటు ఒకే టైరు మీదికి వస్తుంది, మిగులు ఉంచేది ఆ క్షణం కోసమే. అదే సైజులో ఎక్స్‌ఎల్ అని రాసి ఉన్న గట్టి టైరు 88తో దొరుకుతుంది. అయితే దానికి పూర్తి బరువు మోసే శక్తి రావాలంటే గాలి కూడా ఎక్కువ పట్టాలి. మామూలు టైరు పూర్తి బరువుకు 36 పీఎస్‌ఐ చాలు, దీనికి 42 వరకు కావాలి. పాత అలవాటు కొద్దీ 30 కొట్టించుకుని తిరిగితే ఎక్స్‌ఎల్ కొన్న ఫలితం దక్కదు.

రిమ్ము వెడల్పు, ఆఫ్‌సెట్ కూడా అంతే ముఖ్యం. ఆ కారు కంపెనీ రిమ్ము వెడల్పు ఐదున్నర అంగుళాలు, దాని వెనక ఆఫ్‌సెట్ ఈటీ 45 అని రాసి ఉంటుంది. హబ్బుకు ఆనుకునే తలం రిమ్ము నడిమి గీత నుంచి 45 మిల్లీమీటర్లు బయటివైపు ఉందని దాని అర్థం. కొత్తది 7 అంగుళాల వెడల్పు, ఈటీ 35. వెడల్పు వల్ల 19, ఆఫ్‌సెట్ వల్ల 10, కలిపి బయటి అంచు 29 మిల్లీమీటర్లు బయటికి జరిగింది. చక్రం మీద ఉండే రేకు (ఫెండర్) లోపలి ప్లాస్టిక్ లైనరు టైరు అంచుకు రాసుకుని ఒక చోట గుర్రపు డెక్క ఆకారంలో అరిగిపోయి ఉంది. పొడిపొడిగా రాలిన నల్లటి నూగు నా చేతికి అంటుకుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు కర్ర్‌మని శబ్దం వస్తోందని అబ్బాయి అప్పుడు చెప్పాడు. చక్రం ఇంత బయటికి వస్తే బేరింగ్ మీద పడే భారం కూడా పెరుగుతుంది.

ఇవేవీ అమ్మినచోట ఎవరూ చెప్పలేదట. ఫొటోలు చూపించి ఏ డిజైన్ కావాలని మాత్రం అడిగారట. బిల్లు మీద "రిమ్ములు 4, టైర్లు 4" అని ఉంది, సైజు కూడా లేదు.

వాళ్ల తప్పును ఎత్తి చూపేముందు నా సంగతీ చెప్పాలి. దుకాణం పెట్టిన తొలి రోజుల్లో, రిమ్ము మార్చకుండా టైరు మాత్రం వెడల్పు చేయమని ఒకాయన అడిగితే, 185/65 ఆర్15 తీసి 205/65 ఆర్15 వేసి పంపించాను. వ్యాసం 647.5 అయింది, నాలుగు శాతం ఎక్కువ. మీటరు 100 చూపిస్తున్నప్పుడు ఆయన నిజంగా 104 మీద వెళుతున్నారు. బండి లాగడం తగ్గిందని, మైలేజీ పడిపోయిందని నెల తర్వాత వచ్చి చెప్పారు. రెండు టైర్లు వెనక్కి తీసుకోగలిగాను, మిగతా రెండింటి డబ్బు నేనే భరించాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రోజు నుంచి డ్రైవర్ తలుపు తెరిచి అక్కడి చీటీ చదవకుండా ఏ కారుకూ టైరు అమ్మలేదు.

ఆ చీటీ దాదాపు ప్రతి కారుకూ ఉంటుంది. చాలా కార్లలో డ్రైవర్ తలుపు తీస్తే పక్కనున్న స్తంభం మీద అంటించి ఉంటుంది. ఏ సైజు టైరు, ముందు ఎంత గాలి, వెనక ఎంత, నిండా మనుషులుంటే ఎంత అన్నది దాని మీదే ఉంది. పెద్ద రిమ్ము కావాలనుకునేవారు మొదట చూడాల్సింది అదే మోడల్ కారులో పై రకానికి కంపెనీ ఏ సైజు ఇచ్చిందన్నది. ఉదాహరణకు 2018లో వచ్చిన స్విఫ్ట్‌లో కింది రకాలకు 165/80 ఆర్14 టైర్లు, పై రకానికి 185/65 ఆర్15 టైర్లు ఇచ్చారు. మొదటిదాని వ్యాసం 619.6, రెండోది 621.5. రెండు మిల్లీమీటర్ల తేడా కూడా లేదు. కింది రకం కొన్నవాళ్లు ఆ 15 అంగుళాల సైజుకు మారితే కారు బాగుంటుంది, బ్రేకు కొట్టినప్పుడు పట్టు మెరుగవుతుంది, కారు తయారుచేసినవాళ్లు పరీక్షించిన హద్దులోనే ఉంటారు. ఇంకొక అంగుళం కావాలంటే 195/55 ఆర్16 వేస్తే వ్యాసం 620.9 దగ్గర ఆగుతుంది. గోడ 107 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి చూసి నడిపేవారికి సరిపోతుంది. పల్లెల్లో రోజూ తిరిగే చిన్న కారుకు 17 అంగుళాలు నేను వేయను. వేరే దుకాణానికి వెళ్తానన్నా వేయను.

నాలుగు నట్లున్న రిమ్ము నాలుగు నట్లున్న ప్రతి కారుకూ పట్టదని కూడా చెప్పాలి. నట్ల వలయం వ్యాసం స్విఫ్ట్‌కు 100 మిల్లీమీటర్లు, పాత ఫియట్ పుంటోకు 98. చేత్తో పెడితే ఎక్కినట్టే ఉంటుంది, నట్టు వంకరగా కూర్చుంటుంది. కొత్త రిమ్ములు వేసిన వంద కిలోమీటర్లలోపు నట్లను మళ్లీ బిగించి చూసుకోవాలి. స్టెప్నీ పాత సైజే అయితే దాన్ని పంక్చర్ దుకాణం వరకు వెళ్లడానికి మాత్రమే వాడాలి.

చట్టం సంగతికి వస్తే, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. ప్రమాదం జరిగాక బీమా సర్వేయరు టైరు సైజు రాసుకుంటారని మా దగ్గరికి వచ్చేవారిలో చాలామందికి తెలియదు. రిమ్ములు మార్చినవారు బీమా సంస్థకు ముందే రాతపూర్వకంగా తెలియజేయాలి.

మీ పత్రికను నేను కోరేది ఒకటే. ఆ దసరా వ్యాసం వేసిన పేజీలోనే, అంతే పెద్ద అక్షరాలతో, పైన చెప్పిన చక్రం వ్యాసం లెక్కను ఒక ఉదాహరణతో వేయండి. ఎనిమిదో తరగతి పిల్లలు చేయగల లెక్క అది. టైరు సైజు, బరువు అంకె, రిమ్ము వెడల్పు, ఆఫ్‌సెట్, మధ్య రంధ్రం, ఇవన్నీ బిల్లు మీద రాయించుకోమని పాఠకులకు చెప్పండి. రాయడానికి ఒప్పుకోని చోట కొనవద్దని కూడా చెప్పండి. మా వ్యాపారుల సంఘం సమావేశంలో నేను ఈ మాట రెండుసార్లు లేవనెత్తాను. బిల్లు మీద అంత రాస్తే బేరాలు తగ్గుతాయన్నారు. నా దుకాణంలో ఆరేళ్లుగా రాస్తున్నాను, బేరాలు తగ్గలేదు.

ఆ హుజూర్‌నగర్ అబ్బాయి పాత రిమ్ములను మార్పిడిలో ఇచ్చేశాడు. నాలుగు దుకాణాలకు ఫోన్లు చేసి, అదే కారుకు వచ్చే 15 అంగుళాల కంపెనీ రిమ్ములు నాలుగు సంపాదించాను. కొత్త 88 హెచ్ టైర్లు వేసేసరికి సాయంత్రం ఆరయింది. పెళ్లివాళ్లు ఐదుగురూ అంతసేపూ మా ఇంట్లోనే ఉన్నారు, మా ఆవిడ వంట చేసి పెట్టింది. పగిలిన ఆ 17 అంగుళాల రిమ్మును అబ్బాయి వద్దని వదిలేసి వెళ్లాడు. ఇప్పుడది నా కంప్రెసర్ పక్కన గోడకు ఆనించి ఉంది. పగులు దగ్గర సున్నంతో గీత గీసి పెట్టాను. మీరు వేస్తానంటే ఫొటో తీసి పంపిస్తాను.

ఇట్లు,
టైర్లు, వీల్ అలైన్‌మెంట్ దుకాణం యజమాని,
కోదాడ, సూర్యాపేట జిల్లా