వార్షిక నివేదిక: కొలువుల దరఖాస్తులో తండా పేరు

గౌరవ సభ్యులకు నమస్కారాలు.

దేవరకొండ ప్రాంతపు తండాల్లో పుట్టి చదువుకున్న వారందరిదీ అయిన మన సంఘం ఈ ఏడాది చేసిన పనిలో ఎక్కువ భాగం ఒక్క విషయం చుట్టూనే తిరిగింది: బీటెక్, డిగ్రీలు పూర్తి చేసిన మన పిల్లలకు ప్రైవేటు కంపెనీల నుంచి ఇంటర్వ్యూ పిలుపే రావడం లేదు. 2022లో రాష్ట్రంలో గిరిజన రిజర్వేషన్ 6 నుంచి 10 శాతానికి పెరిగింది గానీ, అది ప్రభుత్వ కొలువులకూ చదువులకూ సంబంధించినది. నోటిఫికేషన్ల కోసం హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్ గదుల్లో ఏళ్లు గడిపిన వారు చివరికి తొక్కేది ప్రైవేటు ఆఫీసుల గడపే.

ఈ సందర్భంలో అధ్యయన తరగతిలో రెండు పరిశోధనలను చదువుకున్నాం. అమెరికాలోని బోస్టన్, షికాగో నగరాల్లో సుమారు 5,000 రెజ్యూమెలను, అర్హతల్లో తేడా లేకుండా, పేర్లు మాత్రం మార్చి పంపగా, ఎమిలీ, గ్రెగ్ వంటి తెల్లవారి పేర్లకు పది దరఖాస్తులకు ఒక పిలుపు వస్తే, లకీషా, జమాల్ వంటి నల్లవారి పేర్లకు పదిహేనింటికి ఒకటి వచ్చిందని 2004లో ప్రచురించారు. అక్కడ ఉద్యోగాల్లో జాతి వివక్షను నిషేధించిన చట్టం 1964 నుంచే ఉంది. మన దేశంలో 2005-06లో ఇదే పద్ధతిలో చేసిన పరిశీలనలోనూ దళితుల, ముస్లింల పేర్లు వెనుకబడ్డాయి. అందులో గిరిజనుల పేర్లు లేవు. మన సంగతి మనమే చూసుకోవలసి వచ్చింది.

రెజ్యూమె తరగతికి వచ్చిన ఒక అమ్మాయి కాగితంలో పేరు చివర ‘నాయక్’, దాని కిందే తండా పేరు, మండలం ఉన్నాయి. ఆమెను పిలిచిన ఒకే ఒక్క చోట జావా మీద రెండు ప్రశ్నలడిగి, మిగతా సమయమంతా ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, నాన్న ఏం చేస్తారు అనే దాని మీదే గడిపారట. మన లంబాడాల భాష గోర్ బోలి అని చెప్పానని, ఆ తర్వాత ఫోను రాలేదని ఆమె మామూలుగానే చెప్పింది. విన్న మాకే నోట మాట రాలేదు.

చిరునామాలోంచి తండా పేరు తీసేద్దామని యువకులు సర్వసభ్య సమావేశంలో ప్రతిపాదించగా పెద్దలు మండిపడ్డారు. ‘మా తండాలో మా రాజ్యం’ అని కొట్లాడి 2018లో పంచాయతీ తెచ్చుకున్నది ఆ పేరు తుడిచేయడానికా అని ఒక పెద్దమనిషి అడిగిన మాటకు జవాబు దొరకలేదు. చిరునామా ఎలా రాయాలో ఎవరి ఇష్టానికి వారికే వదిలేశాం. తండా పేరు తీసినా నాయక్ అనే పేరు మిగులుతుంది కనుక, ఈ వాదన మీద అవసరానికి మించి సమయం పోయిందని కార్యదర్శిగా నా అభిప్రాయం.

అసలు చిక్కు వేరే చోట ఉంది. కంపెనీల్లో చాలా ఖాళీలు లోపల పనిచేసే వారి రెఫరల్‌తోనే, అంటే సిఫారసుతోనే, నిండుతాయి, లోపల మనవాళ్లు కొద్దిమందే. అందుకే ఉద్యోగాల్లో ఉన్న సభ్యులు ఏడాదికి ఒక్కరినైనా రెఫర్ చేయాలని తీర్మానించాం. ఇంతవరకు స్పందించిన వారు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందే. జమాఖర్చులు ఆడిట్ పూర్తయి కోశాధికారి వద్ద ఉన్నాయి. రెఫరల్ ఫారాలు కూడా అక్కడే ఉన్నాయి.

ఇట్లు,
కార్యదర్శి