నెట్‌వర్క్ కార్డును మరిచిన కెర్నల్

సంపాదకులకు నమస్కారం.

లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌ను సొంతంగా బిల్డ్ చేసుకోవడంపై మీ సాంకేతిక పేజీలో వచ్చిన వ్యాసం బాగుంది గానీ, నెట్‌వర్క్ కార్డులను నడిపే డ్రైవర్ల సంగతి ఒక్క వాక్యంతో తేల్చేశారు. మారతహళ్లిలోని మా గదిలో పోయిన నెల నేను పడిన పాట్లన్నీ అక్కడివే.

కెర్నల్ చిన్నదిగా ఉండాలని, ఆ సమయానికి లోడై ఉన్న మాడ్యూళ్లను (అవసరమైనప్పుడు కెర్నల్‌లోకి ఎక్కే డ్రైవర్ల వంటి ముక్కలను) మాత్రమే మిగిల్చే ‘మేక్ లోకల్‌మాడ్‌కాన్ఫిగ్’ ఆదేశం ఇచ్చాను. యూఎస్‌బీ ఈథర్‌నెట్ అడాప్టర్ అప్పుడు బల్ల సొరుగులో ఉంది, కాబట్టి దాని డ్రైవర్ మిగల్లేదు. కొత్త కెర్నల్‌తో బూట్ చేశాక దాన్ని తగిలిస్తే లైటు వెలిగింది తప్ప నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్‌లను చూపే ‘ఐపీ లింక్’ జాబితాలో, యంత్రం తనతో తాను మాట్లాడుకునే ‘ఎల్‌వో’ ఒక్కటే కనిపించింది. తప్పు నాదే.

యంత్రం లోపల ఉండే పీసీఐ కార్డుల విషయంలో పేరును నమ్ముకోకూడదు. రియల్‌టెక్ 8168 చిప్‌ను నడిపే డ్రైవర్ పేరు ఆర్8169! పనిచేస్తున్న పాత కెర్నల్‌లోనే ఏ కార్డును ఏ డ్రైవర్ నడుపుతోందో చెప్పే ‘ఎల్‌ఎస్‌పీసీఐ -కె’ ఆదేశం కొట్టి చూసుకుంటే ఈ తికమక ఉండదు. మామూలుగా కెర్నల్ కాన్ఫిగరేషన్‌లో డ్రైవర్‌ను ‘ఎం’ అని మాడ్యూల్‌గా పెడితే సరిపోతుంది. అయితే ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో వాడే తాత్కాలిక ఫైల్ సిస్టమ్) లేకుండా రూట్ ఫైల్ సిస్టమ్‌ను, అంటే అసలు సిస్టమ్ ఫైళ్లను, నెట్‌వర్క్ మీదుగా తెచ్చుకునే యంత్రానికి ‘వై’ (డ్రైవర్‌ను కెర్నల్‌లోనే కలిపేయడం) తప్పదు, చిప్‌కు ఫర్మ్‌వేర్ (చిప్‌లోకి ఎక్కించే సాఫ్ట్‌వేర్) అవసరమైతే దాన్నీ కెర్నల్‌లోనే చేర్చాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, బెంగళూరు