లాప్‌టాప్ తుడిచే ముందు

చిరంజీవి బుజ్జికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. నీ పాత లాప్‌టాప్‌ను ఫార్మాట్ చేసి తమ్ముడికి ఇస్తానని చెబుతూ, "పనంతా గిట్‌లోనే ఉంది కదా నాన్నా" అని నువ్వు ఫోనులో అన్నప్పటి నుంచి నాకు నిలకడ లేదు. గిట్ అంటే ఫైళ్ల మార్పుల చరిత్రను దాచే సాధనం. గిట్‌లో ఉండటం వేరు, ఆ డిస్కు బయట మరోచోట ఉండటం వేరు. కమిట్ చేసిన, అంటే గిట్ చరిత్రలో నమోదు చేసిన పని కూడా పుష్ చేసేదాకా, అంటే సర్వరుకు పంపేదాకా, ఆ ఒక్క డిస్కులోనే ఉంటుంది.

వెనుకటికి నేను ఉద్యోగం మారుతూ ఆఫీసు కంప్యూటర్‌ను అప్పగించే రోజున ప్రతి ప్రాజెక్టులోనూ, కమిట్ కాని మార్పులను చూపే గిట్ స్టేటస్ కొట్టి, అంతా క్లీన్ అని రాగానే నిశ్చింతగా ఇచ్చేశాను. నాలుగు రోజుల పని స్టాష్‌లో ఉండిపోయింది. మార్పులను పక్కన దాచి ఫోల్డరును శుభ్రంగా చూపించడమే స్టాష్ పని. మామూలు పుష్‌తో అది సర్వరుకు వెళ్లదు. అందుకే స్టేటస్‌తో పాటు గిట్ స్టాష్ లిస్ట్ కూడా చూడమంటున్నాను.

ముందుగా ప్రాజెక్టులు ఎక్కడెక్కడ ఉన్నాయో తేల్చుకో. డౌన్‌లోడ్స్‌లో క్లోన్ చేసి (సర్వరు నుంచి నకలు దించుకుని) మరచినవి నీకు తప్పక ఉంటాయి. హోమ్ ఫోల్డరు నుంచి ఫైండ్ కమాండుతో, ప్రతి ప్రాజెక్టులోనూ గిట్ ఉంచే 'డాట్ గిట్' పేరును వెతుకు. డైరెక్టరీలనే చూపమని షరతు పెట్టకు, ఎందుకంటే వర్క్‌ట్రీలలోనూ (అదే ప్రాజెక్టును మరో ఫోల్డరులో తెరిచినవి) సబ్‌మాడ్యూళ్లలోనూ (ప్రాజెక్టు లోపల ఇమిడ్చిన మరో గిట్ ప్రాజెక్టులు) అది డైరెక్టరీ కాదు, చిన్న ఫైలు.

స్టేటస్‌ను --షార్ట్ పెట్టి చూసేటప్పుడు రెండు ప్రశ్నార్థకాల పక్కన "నోట్స్/" అని ఒక్క వరుస వస్తే ఒక్క ఫైలే అనుకోకు. గిట్‌కు ఇంతవరకు అప్పగించని ఫోల్డరును అది ఒకే వరుసలో చూపిస్తుంది, లోపల నలభై ఫైళ్లున్నా సరే. పట్టించుకోవద్దని గిట్‌కు చెప్పి ఇగ్నోర్ చేసినవి అసలే కనిపించవు. పాస్‌వర్డులున్న ఎన్వ్ ఫైలు, లోకల్ డేటాబేసు అక్కడే ఉంటాయి కాబట్టి స్టేటస్‌కు --ఇగ్నోర్డ్ పెట్టి మరోసారి చూడు. మళ్లీ దించుకోగల లైబ్రరీలుండే నోడ్ మాడ్యూల్స్ వంటి చెత్త కూడా వాటితో పాటే కనిపిస్తుంది, విసుక్కోకు.

తరువాత, ఫెచ్ చేసి (సర్వరులోని తాజా స్థితిని తెచ్చుకుని), కమిట్ల వరుసను చూపే గిట్ లాగ్‌ను --బ్రాంచెస్ --నాట్ --రిమోట్స్ అని అడిగితే, పుష్ కాని కమిట్లన్నీ బయటపడతాయి. కాలేజీలో ఇనిట్ చేసి (గిట్‌ను మొదలుపెట్టి) రిమోట్ (పుష్ చేయాల్సిన సర్వరు చిరునామా) పెట్టకుండా వదిలేసిన ప్రాజెక్టులు మొదటి కమిట్ నుంచి చివరిదాకా వరుసకడతాయి. ఏ బ్రాంచీ (కమిట్ల శాఖ) మీదా లేకుండా చేసిన కమిట్లు మాత్రం ఇందులో కనబడవు. వాటికి రిఫ్లాగ్, అంటే నువ్వు ఏ కమిట్ మీద ఎప్పుడున్నావో గిట్ రాసుకునే చిట్టా, చూడాలి. అలాంటి వాటిని అది మామూలుగా 30 రోజులే గుర్తుంచుకుంటుంది.

ఇక కోడ్ రాసే ఎడిటరు వీఎస్ కోడ్‌లో సేవ్ చేయకుండా వదిలిన ట్యాబులు మూసి తెరిచినా తిరిగి వస్తాయి గనుక అవి భద్రంగా ఉన్నాయని నీకు అలవాటుగా అనిపిస్తుంది. పేరైనా పెట్టని ఆ ట్యాబుల సంగతి గిట్‌కు తెలియదు. ఒక్కొక్కటీ తెరిచి చూడక తప్పదు.

దొరికినదాన్ని అక్కడే కూర్చుని మంచీ చెడూ ఏరకు. ప్రతి ప్రాజెక్టులోనూ ఒక కొత్త బ్రాంచీ తీసి, అందులో కమిట్ చేసి పుష్ చేసెయ్. స్టాష్‌లను కొత్త బ్రాంచీలోకి తీయడానికి స్టాష్ బ్రాంచ్ అనే కమాండు ఉంది. ఎన్వ్ ఫైళ్లను మాత్రం పుష్ చేయకుండా పెన్‌డ్రైవ్‌లో పెట్టుకో. ఆదివారం సాయంత్రం ఫోను చెయ్యి, జాబితా ఇద్దరం కలిసి చూద్దాం. అంతవరకు తమ్ముణ్ణి ఆగమను.

ఇట్లు,
నాన్న